సగటుకు కాన్ఫిడెన్స్ ఇంటర్వల్: తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అంటే శాంపిల్ (మొత్తంలోంచి కొలవడానికి తీసిన కొన్ని) సగటు చుట్టూ కట్టే పరిధి, అసలు సగటుకు అంచనా. దాన్ని కట్టడం కష్టమేమీ కాదు. సాఫ్ట్‌వేర్ క్షణంలో రెండు అంకెలు ఇచ్చేస్తుంది. ఆ రెండు అంకెలను మాటల్లో చెప్పబోయినప్పుడే తప్పులు దొర్లుతాయి. పాఠ్యపుస్తకం చదువుతున్నవాళ్లూ, ఏళ్లుగా డేటాతో పనిచేస్తున్నవాళ్లూ అడిగే సందేహాలు దాదాపు ఒకటే కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఉదాహరణలు చాలావరకు 500 మి.లీ. సీసాలు నింపే యంత్రం గురించే. "అసలు సగటు" అన్నచోటల్లా మొత్తం సమూహం సగటు అని అర్థం.

## లెక్కకు ముందు

శాంపిల్ సగటు చేతిలో ఉందిగా, మళ్లీ ఈ ఇంటర్వల్ ఎందుకు?

25 సీసాలు కొలిస్తే సగటు 498.2 మి.లీ. వచ్చిందనుకుందాం. వేరే 25 సీసాలు తీసి ఉంటే 497.6 రావచ్చు, 499.1 రావచ్చు. 498.2 అన్న ఒక్క అంకెలో ఈ ఊగిసలాట ఎక్కడా కనిపించదు. ఏ సీసాలు చేతికి చిక్కాయన్నదాన్ని బట్టి సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చూపించడానికే ఇంటర్వల్. అది చెప్పేది అంతవరకే. కొలిచే పరికరమే తప్పు చూపిస్తుంటే ఆ సంగతి ఇంటర్వల్‌కు తెలియదు.

శాంపిల్‌లో కొలతలు 30 దాటితే చాలంటారు, నిజమేనా?

సగం నిజం. డేటా మరీ వంకరగా లేకపోతే 30 కొలతలకల్లా శాంపిల్ సగటు ప్రవర్తన నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌కు (మధ్యలో ఎత్తుగా, రెండువైపులా సమానంగా దిగే గంట ఆకారానికి) బాగా దగ్గరవుతుంది. అసలు డేటాయే నార్మల్‌గా ఉంటే 5 కొలతలకు కూడా టీ పద్ధతి (కొలతలు తక్కువైనప్పుడు ఇంటర్వల్‌ను తగినంత వెడల్పు చేసే లెక్క, కింద వస్తుంది) కచ్చితంగా పనిచేస్తుంది. డేటా ఒకవైపుకు బాగా సాగి ఉంటే (ఆదాయాలు, ఆసుపత్రిలో ఉన్న రోజులు, యంత్రం పాడయ్యేదాకా పట్టిన కాలం) 30 చాలదు, కొన్నిసార్లు 100 కూడా చాలదు. కాబట్టి 30 అన్న అంకెను గీతలా పట్టుకోవద్దు. ముందు హిస్టోగ్రామ్ (ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో చూపే పట్టీల బొమ్మ) గీసి చూడండి.

ఎంత శాంపిల్ తీసుకోవాలో ముందే ఎలా లెక్కేయాలి?

రెండు అంకెలు కావాలి. ఒకటి, ఎంత మార్జిన్ (సగటు నుంచి ఇంటర్వల్ అంచుకు ఉన్న దూరం) వరకు సరిపెట్టుకోగలరు. రెండు, స్టాండర్డ్ డీవియేషన్ (విడి కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చూపే అంకె) సుమారుగా ఎంత ఉండొచ్చు. ఇది పాత డేటా నుంచో చిన్న ముందస్తు ప్రయోగం (పైలట్) నుంచో తీసుకోవాలి. 1.96ను (95%కి నార్మల్ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే విలువ) స్టాండర్డ్ డీవియేషన్‌తో గుణించి, మార్జిన్‌తో భాగించి, వర్గం చేయాలి.

స్టాండర్డ్ డీవియేషన్ 4 మి.లీ., కావలసిన మార్జిన్ 1 మి.లీ. అయితే 7.84 వర్గం 61.5, అంటే 62. ఇందులో చిన్న మెలిక ఉంది: తీరా ఇంటర్వల్ కట్టేటప్పుడు వాడేది 1.96 కాదు, దానికంటే కాస్త పెద్దదైన టీ విలువ. 62 సీసాలతో మార్జిన్ 1.016 వస్తుంది. 64 తీసుకుంటేనే 1 లోపు ఉంటుంది. శాంపిల్‌లో స్టాండర్డ్ డీవియేషన్ అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చే అవకాశం కూడా ఉంది కనుక ఇంకొన్ని కలుపుకోవడం మంచిది.

మార్జిన్‌ను సగానికి తగ్గించాలంటే శాంపిల్ రెట్టింపైతే చాలదు, నాలుగింతలు కావాలి. 1 మి.లీ.కి 62 అయితే అర మి.లీ.కి 246. బడ్జెట్ వేసేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే.

శాంపిల్ పదివేలు దాటింది. ఇక ఇంటర్వల్‌ను కళ్లు మూసుకుని నమ్మొచ్చా?

వద్దు. శాంపిల్ పెరిగేకొద్దీ యాదృచ్ఛికంగా వచ్చే తేడా తగ్గుతుంది కానీ ఎంపికలో ఉన్న పక్షపాతం రవ్వంత కూడా తగ్గదు. దానివల్ల తప్పు చోట చాలా ఇరుకైన ఇంటర్వల్ వస్తుంది, చూడ్డానికి గొప్ప కచ్చితత్వంలా ఉంటుంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రికకు సుమారు 24 లక్షల జవాబులు వచ్చాయి. వాటిని బట్టి లాండన్ గెలుస్తారని రాసింది. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ భారీ ఆధిక్యంతో. అక్కడ లెక్కించింది సగటు కాదు, శాతం. అయినా పాఠం ఒకటే. ఇంటర్వల్ ఎంత ఇరుకుగా ఉందో చూసేముందు ఆ శాంపిల్‌లోకి ఎవరు రాలేకపోయారో అడగాలి.

## లెక్క కట్టేటప్పుడు

చేత్తో ఎలా కట్టాలి? ఒక్కసారి మొత్తం చూపించండి.

ఐదు సీసాల కొలతలు: 497, 501, 495, 503, 499.

మొత్తం 2495, ఐదుతో భాగిస్తే సగటు 499. సగటు నుంచి తేడాలు −2, 2, −4, 4, 0. వాటి వర్గాలు 4, 4, 16, 16, 0, మొత్తం 40. దీన్ని 5తో కాదు, ఒకటి తక్కువ చేసి 4తో భాగించాలి: 10. వర్గమూలం 3.162, ఇది స్టాండర్డ్ డీవియేషన్. దీన్ని √5తో, అంటే 2.236తో భాగిస్తే 1.414, ఇది స్టాండర్డ్ ఎర్రర్.

ఇప్పుడు టీ పట్టికలో 4 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇక్కడ కొలతల సంఖ్య కంటే ఒకటి తక్కువ) వరుసలో 95%కి ఉన్న విలువ 2.776. దాన్ని 1.414తో గుణిస్తే మార్జిన్ 3.93. ఇంటర్వల్ 495.07 నుంచి 502.93 మి.లీ. వరకు.

తప్పులు సాధారణంగా మూడుచోట్ల జరుగుతాయి. 4కు బదులు 5తో భాగించడం ఒకటి. పట్టికలో 4వ వరుసకు బదులు 5వ వరుస చూడడం ఇంకొకటి. ఒకవైపు కొసకు ఇచ్చిన 0.05 నిలువు వరుసను రెండువైపులదిగా అనుకోవడం మూడోది. రెండువైపుల 95%కి, ఒక్కో కొసకు 0.025 ఉన్న నిలువు వరుసే చూడాలి.

టీ వాడాలా, జెడ్ వాడాలా?

స్టాండర్డ్ డీవియేషన్‌ను శాంపిల్ నుంచే లెక్కించారా? అయితే టీ. మొత్తం సమూహం స్టాండర్డ్ డీవియేషన్ ముందే కచ్చితంగా తెలిసుంటేనే జెడ్, అంటే నార్మల్ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే 1.96 లాంటి విలువ. ఆచరణలో అలాంటి సందర్భం చాలా అరుదు.

చిన్న శాంపిల్స్‌లో తేడా గట్టిగానే ఉంటుంది. నార్మల్ డేటాలో 5 కొలతలకు 1.96 వాడితే 95% అని పేరు పెట్టిన ఇంటర్వల్ నిజానికి 88% సార్లే అసలు సగటును పట్టుకుంటుంది. 3 కొలతలకైతే 81%. ఈ లోటును పూడ్చే పట్టికను 1908లో "స్టూడెంట్" అన్న కలంపేరుతో ప్రచురించింది విలియం గాసెట్, గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. అక్కడ ఆయన చేతికొచ్చేవన్నీ చిన్న శాంపిల్సే. శాంపిల్ పెద్దదైతే టీ తనంతట తానే జెడ్‌కు దగ్గరవుతుంది కాబట్టి ఎప్పుడూ టీ వాడితే నష్టం లేదు. "30 దాటితే జెడ్" అన్న నియమం పట్టికలు చేత్తో చూసుకున్న రోజులది. ఇప్పుడు దాని అవసరం లేదు.

స్టాండర్డ్ డీవియేషన్, స్టాండర్డ్ ఎర్రర్ రెండూ ఒకటే కదా?

కాదు. స్టాండర్డ్ డీవియేషన్ సీసాకీ సీసాకీ మధ్య తేడాను చూపుతుంది. స్టాండర్డ్ ఎర్రర్ శాంపిల్ సగటులో ఉన్న అనిశ్చితిని చూపుతుంది. 25 సీసాల స్టాండర్డ్ డీవియేషన్ 4 మి.లీ. అయితే స్టాండర్డ్ ఎర్రర్ 4 ÷ √25 = 0.8. ఇంకా సీసాలు కొలుస్తూ పోతే స్టాండర్డ్ ఎర్రర్ సున్నా వైపు దిగుతుంది. స్టాండర్డ్ డీవియేషన్ మాత్రం 4 చుట్టుపక్కలే ఉంటుంది, ఎందుకంటే యంత్రం అంతే ఎగుడుదిగుడుగా నింపుతోంది. రిపోర్టులో "498.2 ± 0.8" అని రాసి అది ఏ రకం ± అన్నది చెప్పకపోతే చదివేవాడికి దారిలేదు. అందుకే ప్రతిసారీ చెప్పాలి.

ఎక్సెల్‌లో కాన్ఫిడెన్స్ ఫంక్షన్ వాడితే ఒక్క అంకే వస్తోంది, అదీ మరీ చిన్నది. తప్పెక్కడ?

ఒక్క అంకె రావడం తప్పు కాదు. అది మార్జిన్ మాత్రమే ఇస్తుంది. సగటులోంచి తీసేసి ఒక అంచు, కలిపి ఇంకో అంచు మీరే రాసుకోవాలి. మరీ చిన్నదిగా వస్తే మొదటి ఖాళీలో 0.95 ఇచ్చి ఉంటారు. అక్కడ ఇవ్వాల్సింది ఆల్ఫా, అంటే 1లోంచి 0.95 తీసేస్తే మిగిలే 0.05. స్టాండర్డ్ డీవియేషన్ 4, కొలతలు 25 అయితే 0.05 ఇచ్చినప్పుడు 1.65 వస్తుంది, 0.95 ఇస్తే సుమారు 0.05 వస్తుంది. ఇంకో రెండు జాగ్రత్తలు: పేరు చివర టీ ఉన్న ఫంక్షన్ వాడండి, నార్మ్ ఉన్నది కాదు. స్టాండర్డ్ డీవియేషన్‌కు చివర ఎస్ ఉన్నది వాడండి. పీ ఉన్నది మొత్తం సమూహం చేతిలో ఉన్నప్పుడు వాడేది, 5 కొలతలకు అది దాదాపు 10% తక్కువ చూపిస్తుంది.

ఒక్క కొలత మరీ దూరంగా ఉంది. తీసేయొచ్చా?

ముందు ఆ కొలత ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 497, 501, 495, 503, 499 అన్న ఐదింటికి 95% ఇంటర్వల్ 495.1 నుంచి 502.9. ఇందులో 503ను పొరపాటున 530 అని ఎక్కిస్తే సగటు 504.4 అవుతుంది, ఇంటర్వల్ 486.4 నుంచి 522.4 వరకు సాగుతుంది. అంకె తారుమారైందని అసలు నోట్‌బుక్‌లో తేలితే దిద్దండి, దిద్దినట్టు రాయండి. కొలత సరైనదేనని తేలితే తీసేయకూడదు. యంత్రం అప్పుడప్పుడు 530 నింపుతోందంటే అసలు తెలుసుకోవలసిన విషయం అదే. ఉంచి ఒకసారి, తీసి ఒకసారి లెక్క కట్టి రెండూ చూపించడం నిజాయతీ గల పద్ధతి.

డేటా కుడివైపుకు బాగా సాగి ఉంది. ఏం చేయాలి?

ఇలాంటి డేటాలో టీ ఇంటర్వల్ తప్పితే ఎక్కువగా ఒకేవైపు తప్పుతుంది. పొడవాటి తోకలోని పెద్ద విలువలు శాంపిల్‌లోకి రాకపోతే సగటూ తగ్గుతుంది, స్టాండర్డ్ డీవియేషన్ కూడా తగ్గుతుంది. దాంతో ఇంటర్వల్ కిందికి జరిగి, పైగా ఇరుకైపోతుంది. అసలు సగటు దానికి పైన ఉండిపోతుంది.

శాంపిల్ పెంచగలిగితే అదే మంచి మందు. లేకపోతే బూట్‌స్ట్రాప్ (ఉన్న కొలతల్లోంచే మళ్లీ మళ్లీ శాంపిల్ తీసి సగటు ఎంత ఊగుతుందో చూసే పద్ధతి) వాడొచ్చు కానీ 10, 15 కొలతలతో అదీ ఇరుకైన ఇంటర్వలే ఇస్తుంది. లేని తోకను అదెక్కడినుంచి తెస్తుంది? కొలతలకు లాగ్ (లాగరిథమ్) తీసి ఇంటర్వల్ కట్టి వెనక్కి మార్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అలా వచ్చేది గుణమధ్యమానికి ఇంటర్వల్, మామూలు సగటుకు కాదు. ఖర్చుల మొత్తం అంచనా వేయడానికి మామూలు సగటే కావాలి, అక్కడ ఈ మార్పిడి తక్కువ అంచనాకు దారితీస్తుంది.

నిమిషానికోసారి చొప్పున 60 కొలతలు తీశాం. 60గానే లెక్కా?

పక్కపక్క కొలతలు ఒకదాన్నొకటి పోలి ఉంటే 60 కాదు. ఫార్ములాలోని √60, కొలతలన్నీ స్వతంత్రమన్న షరతు మీద నిలబడింది. ఒక కొలతకూ దాని వెంటనే వచ్చే కొలతకూ సహసంబంధం (రెండు కొలతలు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చూపే అంకె; 0 అంటే పొంతన లేదు, 1 అంటే పూర్తిగా ఉంది) 0.5 ఉండి, దూరమయ్యేకొద్దీ 0.25, 0.125 అని సగం సగం తగ్గుతుంటే, ఆ 60 కొలతలు దాదాపు 20 స్వతంత్ర కొలతల పాటి సమాచారమే ఇస్తాయి. నిజమైన ఇంటర్వల్ మీరు కట్టినదానికంటే 1.7 రెట్లు వెడల్పు ఉండాలి.

పెట్టెల వారీగా తీసిన సీసాలదీ ఇదే కథ. 10 పెట్టెల నుంచి 20 చొప్పున 200 తీశారనుకుందాం. పెట్టె లోపలి సహసంబంధం 0.1 మాత్రమే ఉన్నా 1 + 19 × 0.1 = 2.9 తో భాగించాలి, 200 కాస్తా 69 అవుతుంది. ఇంటర్వల్స్ అబద్ధం చెప్పడానికి ఆచరణలో ఇంతకంటే పెద్ద కారణం కనిపించదు. తప్పుడు టీ విలువ చేసే నష్టం దీని ముందు చాలా చిన్నది.

మొత్తం ఉన్నవే 200. అందులో 50 కొలిచాం. ఫార్ములా మారుతుందా?

మారుతుంది. స్టాండర్డ్ ఎర్రర్‌ను √(150 ÷ 199), అంటే 0.868తో గుణించాలి. శాంపిల్ మొత్తంలో 5% లోపు ఉంటే ఈ సవరణ వదిలేసినా తేడా పెద్దగా రాదు. ఆ 200కే పరిమితమైన ప్రశ్న అయితేనే ఇది వర్తిస్తుంది. యంత్రం రేపు నింపబోయే సీసాల గురించి అడుగుతుంటే సవరణ వద్దు.

## అర్థం చెప్పేటప్పుడు

అసలు సగటు ఈ రెండు అంకెల మధ్య ఉండే అవకాశం 95% అంటే తప్పేంటి?

25 సీసాలు, సగటు 498.2, స్టాండర్డ్ డీవియేషన్ 4. ఇంటర్వల్ 496.55 నుంచి 499.85. ఇందులో అసలు సగటు ఒక స్థిరమైన సంఖ్య, మనకు తెలియదంతే. 496.55, 499.85 కూడా ఇప్పుడు స్థిరమైన సంఖ్యలే. అసలు సగటు ఆ మధ్యన ఉంటే ఉంది, లేకపోతే లేదు. యాదృచ్ఛికత అంతా సీసాలు ఎంచుకునేటప్పుడే అయిపోయింది.

95% అన్నది పద్ధతికి ఉన్న గుణం. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ శాంపిల్ తీసి ప్రతిసారీ ఇంటర్వల్ కడుతూ పోతే, దీర్ఘకాలంలో నూటికి 95 ఇంటర్వల్స్ అసలు సగటును పట్టుకుంటాయి. మన చేతిలో ఉన్నది ఆ 95లోదా, మిగతా 5లోదా అన్నది ఇంటర్వల్‌ను చూసి చెప్పలేం. 1937లో ఈ సిద్ధాంతాన్ని పూర్తిస్థాయిలో ప్రచురించిన యెర్జీ నేమన్ కూడా దీన్ని ఇలాగే నిర్వచించాడు.

ఇది మాటల పట్టింపు అనిపిస్తే ఇలా చూడండి. అదే యంత్రం నుంచి ఇద్దరు విడివిడిగా శాంపిల్ తీశారు. ఒకరికి 496.55–499.85, ఇంకొకరికి 500.10–503.20 వచ్చాయి. అరుదే కానీ జరుగుతుంది. రెండు ఇంటర్వల్స్‌కూ ఉమ్మడి చోటు లేదు. "ఉండే అవకాశం 95%" అని రెండింటికీ అంటే మొత్తం 190% అవుతుంది. పద్ధతి గురించి చెప్పే వాక్యానికి ఈ చిక్కు రాదు.

అసలు సగటు గురించే సంభావ్యత చెప్పాలనుకుంటే దారి ఉంది, బేసియన్ పద్ధతి. దానికి కొలతలకు ముందే మీకున్న అంచనాను కూడా లెక్కలో పెట్టాలి, అదేమిటో బయటకు చెప్పాలి.

మరి మామూలు మాటల్లో ఎలా రాయాలి?

"యంత్రం నింపే సగటు పరిమాణం 498.2 మి.లీ. అని అంచనా. 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 496.55 నుంచి 499.85." ఇది చాలు. ఇంకాస్త విడమరచాలంటే, "నూటికి 95 సార్లు అసలు సగటును పట్టుకునే పద్ధతిలో ఈ ఇంటర్వల్ కట్టాం" అనండి. "ఈ డేటాతో పొసగే సగటు విలువలు ఇవి" అన్న మాట కూడా బాగుంటుంది, సరళంగా ఉండి తప్పుదోవ పట్టించదు.

అయితే సీసాల్లో 95% ఈ ఇంటర్వల్‌లోనే ఉంటాయా?

ఉండవు. ఇంటర్వల్ సగటు గురించి, విడి సీసాల గురించి కాదు. 25 సీసాల సగటు 498.2, స్టాండర్డ్ డీవియేషన్ 4 అయినప్పుడు సగటుకు ఇంటర్వల్ వెడల్పు 3.3 మి.లీ. మాత్రమే. తర్వాత వచ్చే ఒక్క సీసాకు కట్టాల్సింది ప్రెడిక్షన్ ఇంటర్వల్: 2.064 × 4 × √(1 + 1/25) = 8.42 (2.064 అన్నది 25 కొలతలకు 95% టీ విలువ), అంటే 489.8 నుంచి 506.6. ఎక్కడో ఒక కొనుగోలుదారు తన సీసాలో ఎంత ఉండొచ్చని అడిగితే చెప్పవలసింది ఇది.

మళ్లీ శాంపిల్ తీస్తే 95% సార్లు కొత్త సగటు ఇదే ఇంటర్వల్‌లో పడుతుందా?

లేదు, సగటున 83% సార్లే. పాత సగటూ అసలు సగటుకు కొంత దూరంలో ఉంటుంది, కొత్తదీ మరికొంత దూరంలో ఉంటుంది. రెండు దూరాలూ కలవడంతో తేడా √2 రెట్లవుతుంది. ఈ 83% కూడా శాంపిల్స్ రెండూ పెద్దవి, ఒకే పరిమాణంలోవి అయినప్పటి మాట. ఒక ప్రయోగం ఇంకోదాని ఇంటర్వల్ బయట పడగానే మొదటిది తప్పని తేల్చేయకండి.

99% పెడితే ఇంకా నమ్మకంగా ఉంటుంది కదా?

ఉంటుంది, దానికి వెల వెడల్పు. 25 సీసాలు, సగటు 498.2, స్టాండర్డ్ డీవియేషన్ 4:

90%: 496.83 – 499.57
95%: 496.55 – 499.85
99%: 495.96 – 500.44

99%లో 500 లోపలికి వచ్చేసింది. అందుకే శాతాన్ని డేటా చూడకముందే ఖాయం చేసుకోవాలి. ఫలితం చూశాక 90 నుంచి 99కి, 99 నుంచి 90కి జరిగితే ఆ శాతానికి అర్థం పోతుంది. 95 మీద ప్రత్యేకమైన మహిమేమీ లేదు, అలవాటుగా స్థిరపడిందంతే.

## పోల్చేటప్పుడు

500 ఇంటర్వల్ లోపలే ఉంది. సగటు 500 అని రుజువైనట్టేనా?

కాదు. 500ను తోసిపుచ్చడానికి ఈ డేటా చాలలేదని మాత్రమే అర్థం. ఐదు సీసాలకు వచ్చిన 495.1 నుంచి 502.9 ఇంటర్వల్‌లో 500 ఉంది, 496 కూడా ఉంది, 502 కూడా ఉంది. మూడూ రుజువు కాలేవు కదా. "తేడా ఏమీ లేదు" అని చెప్పాలంటే ఎంత తేడాను పట్టించుకోనక్కర్లేదో ముందే నిర్ణయించుకోవాలి. ± 2 మి.లీ. అనుకుంటే ఇంటర్వల్ మొత్తం 498–502 లోపల ఇమడాలి.

రెండు గ్రూపుల ఇంటర్వల్స్ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. తేడా లేనట్టేగా?

అలా తేల్చకూడదు. పెద్ద శాంపిల్స్ రెండు, సగటులు 50, 53, స్టాండర్డ్ ఎర్రర్ ఒక్కోటి 1. ఇంటర్వల్స్ 48.04–51.96, 51.04–54.96. కొంతమేర ఒకదానిమీద ఒకటి పడ్డాయి. కానీ తేడాకు స్టాండర్డ్ ఎర్రర్ 1 + 1 = 2 కాదు, √2 = 1.414. తేడా ఇంటర్వల్ 3 ± 2.77, అంటే 0.23 నుంచి 5.77. సున్నా లేదు. కాబట్టి రెండు గీతలను పక్కపక్కన పెట్టి కంటితో పోల్చకండి, తేడాకే నేరుగా ఇంటర్వల్ కట్టండి. అవే వ్యక్తులను ముందొకసారి, తర్వాతొకసారి కొలిచి ఉంటే ఒక్కొక్కరి తేడా తీసి, ఆ తేడాల సగటుకు కట్టాలి.

ఒకే రిపోర్టులో 20 ఇంటర్వల్స్ ఉన్నాయి. అన్నీ 95% అంటే పర్వాలేదా?

ఒక్కోటి విడిగా 95%. అన్నీ కలిపి కాదు. స్వతంత్రంగా ఉన్న 20 ఇంటర్వల్స్ అన్నీ సరైనవయ్యే సంభావ్యత 0.95ను ఇరవైసార్లు గుణించుకుంటే వచ్చే 0.36. కనీసం ఒకటి తప్పే అవకాశం 64%. మొత్తానికి కలిపి 95% హామీ కావాలంటే బోన్‌ఫెరోని పద్ధతిలో (తప్పే 5%ను 20 ఇంటర్వల్స్‌కు పంచి) ఒక్కోదాన్ని 99.75% దగ్గర కట్టాలి.

## రిపోర్టులో

ఎన్ని దశాంశాలు రాయాలి, ఇంకేం రాయాలి?

మార్జిన్‌లో రెండు ముఖ్యమైన అంకెలు చాలు. మార్జిన్ 1.6512 అయితే 1.7 అని, సగటు 498.2 అని రాయండి. 498.2137 అని రాస్తే లేని కచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది. ఇలా అంకెలు కుదించడం (రౌండింగ్) చివర్లోనే చేయాలి, మధ్యలో చేస్తే అంచులు జరుగుతాయి. వీటితో పాటు కొలతల సంఖ్య, స్టాండర్డ్ డీవియేషన్, కాన్ఫిడెన్స్ శాతం, టీ వాడారా బూట్‌స్ట్రాప్ వాడారా అన్నది, శాంపిల్ ఎలా ఎంచుకున్నారన్నది ఇవ్వండి. అవన్నీ ఉంటే చదివేవాళ్లు మీ లెక్కను తిరిగి కట్టుకుని సరిచూసుకోగలరు.